ఇంటికి చక్రాలు కడితే

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. ఆ రెండింటిలో వున్న కష్టం చేసినవాడికే తెలుస్తుందని వారి భావం. ఈ కాలపు కుర్రవాళ్ళు కొందరు ఈ సామెతకు కొత్త జవాబు కనిపెట్టారు. వాళ్ళు ఇల్లు కట్టనే కట్టరట. నాలుగు చక్రాల మీద వున్న ఇంటిని కొని తోలుకుపోతారట!

సినిమా షూటింగులు చూసినవారికి కారవాన్ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. తారలు ముఖానికి రంగు వేసుకుని, షాటుకూ షాటుకూ మధ్య చల్లగా కూర్చునే బండి అది. అటువంటి బండిలోనే మంచం, పొయ్యి, నీళ్ళ తొట్టి, స్నానాల గది అమర్చుకుని ఏడాది పొడుగునా కాపురం చేసేవాళ్ళు అమెరికాలో చాలామంది వున్నారు. 2020లో కరోనా వచ్చి ఆఫీసులు మూతబడ్డాక మన దేశంలోనూ ఈ కోరిక మొలకెత్తింది. ఉద్యోగం లాప్‌టాప్ పెట్టెలో ఇమిడిపోయింది గనుక, ఆ పెట్టె ఎక్కడుంటే అదే ఆఫీసు. ఇక ఇల్లు మాత్రం ఒక్కచోటే ఎందుకుండాలి? పక్కన తోడుగా ఒక కుక్క వుంటే చాలదా? ఇదీ వారి వాదం.

నెల్లూరు తీరాన, గూడూరుకు తూర్పున వున్న కోటలో ఒక మామూలు సంసారంలో ఈ వాదం మొదలైందనుకోండి. సంభాషణ ఎలా నడుస్తుందో మీరూ నేనూ ఊహించగలం.

“అయితే రాత్రికి ఎక్కడ పడుకుంటావురా?” అంటుంది తల్లి.

“బండిలోనే అమ్మా.”

“నువ్వు సరే, బండి ఎక్కడ పడుకుంటుంది?”

కొడుకు నవ్వేస్తాడు. తండ్రి పేపరు మడిచి పక్కన పెట్టి, పెళ్ళి శుభలేఖ మీద ఏ అడ్రసు అచ్చు వేయించాలో చెప్పమంటాడు. నాయనమ్మ, ఆ కుక్కకు అన్నం ఎవరు వండుతారని అడుగుతుంది. అందరివీ న్యాయమైన ప్రశ్నలే. కాని అసలు ప్రశ్న తల్లి వేసినదే. కదిలే ఇల్లు ఎంత చక్కనిదైనా, అది రోజుకు పన్నెండు గంటలు కదలకుండా నిలబడవలసిందే. నిలబడడానికి చోటు వుంటే అది ఇల్లు. లేకపోతే అది రోడ్డు పక్కన ఆగిన బండి, అందులో వున్నవాడు ఎవరో తెలియని మనిషి. చక్రాల కాపురం కథ అంతా ఈ ఒక్క చిక్కు చుట్టూ తిరుగుతూ వచ్చిందని చెప్పడానికే ఈ వారం ఇంత ఉపోద్ఘాతం.

ఈ కాపురం మనకు కొత్త అనుకోవడం పొరపాటు. కోట ప్రాంతం నుంచే మొదలుపెట్టి చూద్దాం.

కోటకు తూర్పున, సముద్రానికి సమాంతరంగా, బకింగ్‌హాం కాలువ పోతుంది. 1806లో మద్రాసు దగ్గర తవ్వడం మొదలుపెట్టి కొద్దికొద్దిగా ఉత్తరానికి పొడిగించారు. 1876–78 నాటి ధాతకరువులో కూలి కోసం అలమటిస్తున్న జనానికి పని చూపడానికి మిగిలిన పని చాలావరకు నడిపించారు. అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు 1878లో దానికి పెట్టారు. పెదగంజాం నుంచి తమిళనాటి మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. ఉప్పు, ధాన్యం, వంటచెరకు ఈ కాలువ మీదనే మద్రాసు చేరేవి. గాలి అనుకూలిస్తే తెరచాప. లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగేవారు. రోజుల తరబడి సాగే ఆ ప్రయాణంలో పడవే వాళ్ళకు ఇల్లు. వంట పడవలోనే, నిద్ర పడవలోనే. రైళ్ళూ లారీలూ సరుకును లాగేసుకున్నాయి. తుపానులు గట్లను తెంచాయి. ఆ బతుకు ఆగిపోయింది. 2008లో దీనిని జాతీయ జలమార్గంలో భాగంగా ప్రకటించినా పాత పడవల సందడి తిరిగి రాలేదు.

పడవవాళ్ళకంటే పాత సంచారులు ఉప్పు ఎరుకలవాళ్ళు. ఎరుకలవాళ్ళంటే మనలో చాలామందికి సోది చెప్పే ఎరుకల సాని, వెదురు బుట్టలూ మాత్రమే గుర్తుకు వస్తాయి. కాని వారిలో ఒక తెగ పేరే ‘ఉప్పు ఎరుకల’; మరొకటి ‘కరివేపాకు ఎరుకల’. కోస్తాలో ఉప్పు కొని, గాడిదల మీదా ఎద్దుల మీదా వేసుకుని, కనుమలు దాటి లోపలి జిల్లాలకు చేర్చి, అక్కడి ధాన్యం ఇటు తెచ్చేవారు. సంసారమంతా వెంట నడిచేది. చాపలూ, గుడిసె కర్రలూ, వంటపాత్రలూ, పిల్లలూ అన్నీ మూపుల మీదనే. రాత్రి కాపలాకూ, దారిలో వేటకూ కుక్కలు. ఇల్లు, ఉద్యోగం, ప్రయాణం, కుక్క అనే నాలుగూ ఒక్కచోట ఇమిడిన కాపురం ఇదే కదా! మన కుర్రవాడు కోరుతున్నదీ ఈ నాలుగే. కాకపోతే అతని బస్తాలో ఉప్పుకు బదులు లాప్‌టాప్ వుంటుంది.

మరి ఆ ఎరుకలవాళ్ళు ఏమయ్యారు? రైళ్ళు వచ్చి ఉప్పు రవాణాను పట్టుకున్నాయి. ఉప్పు తయారీ మీదా అమ్మకం మీదా సర్కారు పట్టు బిగిసింది. బేరం పోయింది, సంచారం మిగిలింది. బేరం లేని సంచారి సర్కారు కంటికి దొంగలాగా కనిపించాడు. 1871లో ఉత్తరాదిన పుట్టిన నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికీ తెచ్చారు. దాని ప్రకారం ఒక మనిషి ఏ తప్పూ చేయకపోయినా సరే, ఫలానా కులంలో పుట్టాడు గనుక పోలీసుల పుస్తకంలో పేరు ఎక్కవచ్చు. వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ వుండాలి. కొందరిని సెటిల్‌మెంట్లలో పెట్టారు. మన నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారు నడిపినది ఒకటి. బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ వారి స్టూవర్టుపురం మరొకటి. మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. చట్టం పోయినా చూపు పోవడానికి మరికొన్ని తరాలు పట్టింది. పూర్తిగా పోయిందని ఇప్పటికీ చెప్పలేము. ఊరి బయట డేరా వేసుకున్నవాళ్ళను చూడగానే మనలో ఎంతమందిమి ముందు పెరటి తలుపు గడియ చూసుకోము?

అయితే సంచారులందరి కథా ఇంత చేదుగా లేదు. నెల్లూరు గొర్రెలకు దేశమంతటా పేరున్నది. పల్ల, జోడిపి, దొర అని అందులో రకాలు. పైరు కోసిన తరువాత గొర్రెల కాపరులు మందలు తోలుకుని ఊరూరా వస్తారు. రైతు వాళ్ళను పిలిచి తన పొలంలో మంద కట్టించుకుంటాడు. రెండు రాత్రులో, మూడు రాత్రులో గొర్రెలు అక్కడే పడుకుంటాయి. వాటి పెంట, మూత్రం భూమికి బలం. అందుకు రైతే కాపరికి డబ్బో ధాన్యమో ఇస్తాడు. చూశారా! మన పట్టణాలలో ఒక రాత్రి బండి నిలిపితే మనమే అద్దె కట్టాలి. ఇక్కడ నిలిచినందుకు ఎదురు డబ్బిస్తారు! వరికోతల తరువాత వచ్చే బాతుల కాపరులదీ ఇటువంటి ఒప్పందమే. రాలిన గింజలూ, నత్తలూ, పురుగులూ బాతులకు మేత. రెట్ట పొలానికి ఎరువు. పగలంతా మళ్ళలో తిప్పి, చీకటి పడేసరికి గట్టు మీద దడి కట్టి బాతులను తోలుతారు. పక్కనే చిన్న డేరా. నక్క రాకుండా కుక్క కాపలా. తెల్లవారుజామున బాతులు గుడ్లు పెడతాయి. వాటిని ఏరుకుని బజారుకు పంపి, మేత అయిపోగానే మరో ఊరికి సాగిపోతారు.

ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. కాపరికి పొలంలో నిలిచే హక్కు దయ వల్ల రాలేదు, ఇచ్చిపుచ్చుకోవడం వల్ల వచ్చింది. వచ్చినవాడు ఏదో ఒకటి ఇచ్చి పోతాడు. వున్నవాడు చోటు చూపుతాడు. ఉప్పు ఎరుకలవాడికి బేరం వున్నంత కాలం ఊళ్ళో ఆదరమే. బేరం పోయిన నాడే అనుమానం పుట్టింది. మోటారు ఇంటివాడూ మరచిపోకూడని పాఠం ఇది.

ఇక సముద్రాలు దాటి వెళదాం. సరదా కోసం బండిలో కాపురం చేయడమనే ఆచారానికి ఆద్యుడుగా ఇంగ్లండులో ఒక పెద్దమనిషిని చెబుతారు. ఆయన పేరు గోర్డన్ స్టేబుల్స్. స్కాట్లండువాడు. నౌకాదళంలో డాక్టరుగా పనిచేసి విరమించి, పిల్లల కోసం సాహస కథలు కుప్పతెప్పలుగా రాశాడు. అక్కడి జిప్సీల బండిని చూసి ముచ్చటపడి, బ్రిస్టల్ వాగన్ కంపెనీ చేత అటువంటిదే ఒకటి దర్జాగా కట్టించుకున్నాడు. దాని పేరు ‘వాండరర్’, అంటే సంచారి. 1885లో రెండు గుర్రాలు పూన్చి, ఇంగ్లండు దక్షిణాన ట్వైఫర్డు నుంచి స్కాట్లండు ఉత్తరాన ఇన్వర్నెస్ దాకా 1300 మైళ్ళు ప్రయాణం చేశాడు. వెంట హరికేన్ బాబ్ అనే పెద్ద న్యూఫౌండ్‌లాండ్ కుక్క, ఒక కాకతూవా పక్షి, బండి తోలేవాడు, ఒక నౌకరు. ఇరుకు దారుల్లో ఎదురుబళ్ళను హెచ్చరించడానికి నౌకరు మూడు చక్రాల సైకిలు మీద ముందు పోయేవాడు. దారి పొడుగునా రాసుకుంటూ పోయి మరుసటి ఏడు ఆ యాత్రను పుస్తకంగా వేశాడు. కుక్కతో సహా బండిలో కాపురం చేస్తూ బండిలోనే ఉద్యోగం వెలగబెట్టినవారిలో ఆయన పాతవాడే అన్నమాట.

ఆయన తనను తాను పెద్దమనిషి జిప్సీనని చెప్పుకునేవాడు. ఆ మాటలోనే వుంది కిటుకంతా. అదే రోడ్డు మీద, అదే మాదిరి బండిలో అసలు జిప్సీ పోతుంటే పొమ్మని తరిమేవారు. పెద్దమనిషి జిప్సీని మాత్రం చూడడానికి పిల్లాపెద్దా మూగేవారు. బండి ఒకటే, కుక్క ఒకటే. తేడా అల్లా, ఆయనకు తిరిగి వెళ్ళడానికి ట్వైఫర్డులో ఇల్లు వున్నది, చెప్పుకోవడానికి అడ్రసు వున్నది.

మరో ప్రసిద్ధ యాత్రికుడు అమెరికన్ నవలాకారుడు జాన్ స్టెయిన్‌బెక్. 1960 సెప్టెంబరులో లారీలాంటి బండి మీద చిన్న గది కట్టించుకుని, దానికి డాన్ క్విక్సోట్ గుర్రం పేరు ‘రోసినాంటే’ అని పెట్టుకుని, చార్లీ అనే పూడిల్ కుక్కను పక్కన కూర్చోబెట్టుకుని దేశం చుట్టబెట్టాడు. ఆ పుస్తకం 1962లో వచ్చింది. ఆ ఏడే ఆయనకు నోబెల్ బహుమతీ వచ్చింది. నయాగరా దగ్గర కెనడాలోకి దాటబోతే, చార్లీకి రేబీస్ టీకా వేయించినట్టు కాగితం లేకపోతే తిరిగి అమెరికాలోకి రావడం కష్టమని తెలిసింది. పాపం, ఆయన దారి మార్చుకోవలసి వచ్చింది. మనిషికే కాదు, కుక్కకూ కాగితం కావాలి! ఇంకో తమాషా ఏమంటే, యాభై ఏళ్ళ తరువాత ఒక పత్రికా విలేఖరి అదే దారిలో వెళ్ళి ఆరా తీశాడు. స్టెయిన్‌బెక్ ఆ బండిలో పడుకున్న రాత్రులకన్నా హోటళ్ళలోనూ, భార్యతో కలిసీ గడిపిన రాత్రులే ఎక్కువని తేల్చాడు. నోబెల్ బహుమతి పొందిన రచయితకు కూడా వారానికి నాలుగు రోజులు నిలకడగా వున్న మంచం కావలసి వచ్చిందన్నమాట.

ఇప్పటి అమెరికాలో బండి కాపురం చేసేవాళ్ళందరూ సరదాకు చేయడం లేదు. 2008 ఆర్థిక మాంద్యంలో ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళూ, పింఛను చాలని ముసలివాళ్ళూ బళ్ళలో చేరి, పండుగల ముందు గిడ్డంగులలోనూ వేసవిలో క్యాంపులలోనూ కూలికి పనిచేస్తూ తిరుగుతున్నారు. జెస్సికా బ్రూడర్ 2017లో వీరిని గురించి ‘నోమాడ్‌లాండ్’ అనే పుస్తకం రాసింది. దాని ఆధారంగా తీసిన సినిమాకు 2021లో ఆస్కార్ వచ్చింది. అక్కడ కూడా చట్టం అడ్రసు అడుగుతుంది. అందుకని చాలామంది సౌత్ డకోటా రాష్ట్రంలో ఒక రాత్రి బస చేసి, ఆ రసీదు చూపి, ఆ రాష్ట్రపు డ్రైవింగ్ లైసెన్సు తీసుకుంటారు. ఉత్తరాలు అందుకుని ముందుకు పంపించే కంపెనీలు వున్నాయి. ఒక్క రాత్రి నిద్రతో శాశ్వత నివాసం!

నిలిచే చోటు సంగతి ఐరోపా ప్రభుత్వాలకు ఆలస్యంగా తట్టింది. మన మద్రాసులో నేరస్థ జాతుల చట్టం వచ్చిన మరుసటి ఏడే, 1912లో, ఫ్రాన్సులో సంచారులు వేలిముద్రలతో సహా గుర్తింపు పుస్తకం దగ్గర వుంచుకోవాలని చట్టం చేశారు. తరువాత పేర్లు మారినా సంచార పత్రాలనే పద్ధతి 2017 దాకా పూర్తిగా పోలేదు. అయితే అదే ఫ్రాన్సులో 2000లో ఇంకొక చట్టం వచ్చింది. 5000 జనాభా దాటిన ప్రతి ఊరూ సంచారుల బళ్ళకు ఒక స్థలం చూపాలన్నది. ఇంగ్లండులో 1968లో జిప్సీలకు స్థలాలు కేటాయించవలసిన బాధ్యత స్థానిక సంస్థల మీద పెట్టారు, 1994లో తీసేశారు. స్థలం చూపే బాధ్యత తీసేసినంత మాత్రాన మనుషులు మాయమైపోరు గదా! రోడ్ల పక్కన చేరారు. మళ్ళీ తగాదాలే.

మన దేశం సంగతికి వద్దాం. మామూలు వ్యాను కొని అందులో మంచం, పొయ్యి బిగించుకుంటే సరిపోదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం బండి స్వరూపాన్ని రిజిస్ట్రేషను కాగితంలో వున్నదానికి భిన్నంగా మార్చకూడదు, ఆర్.టి.ఓ. అనుమతి కావాలి. ఒక రాష్ట్రపు బండి మరో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి వుంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, బండి రిజిస్టరు కావాలంటే యజమాని అడ్రసు చూపాలి. అంటే చక్రాల ఇంటికి కూడా చక్రాలు లేని ఇల్లు ఒకటి ఎక్కడో వుండాలి. మన కుర్రవాడి విషయంలో అది కోటలో తల్లిదండ్రులు వుండే ఇల్లే. అతను తిరుగుతున్నంత కాలం ఆ గుమ్మం అతన్ని నిలబెడుతూ వుంటుంది. ఆ సంగతి అతనికి గుర్తుంటే మంచిది.

2021లో కేరళ ప్రభుత్వం ‘కారవాన్ కేరళ’ పేరుతో ఒక విధానం ప్రకటించింది. అందులో మెచ్చుకోవలసినది బళ్ళను ప్రోత్సహించడం ఒక్కటే కాదు. బళ్ళు నిలిచే పార్కులను గురించి కూడా ముందే ఆలోచించారు. తల్లి వేసిన ప్రశ్న వాళ్ళకూ తట్టిందన్నమాట.

నిలిచే చోటు ఎందుకంత ముఖ్యమో ఒక చిన్న లెక్క వేసి చూపిస్తాను. గృహిణులు కరెంటు బిల్లు చూసేవారే గనుక ఇది సులభంగా అర్థమవుతుంది. లాప్‌టాప్ సుమారు 50 వాట్లు తింటుంది. ఎనిమిది గంటల ఉద్యోగానికి అర యూనిటు కూడా కాదు. ఫ్యాను, దీపాలు కలిపినా ఒక యూనిటులో సరి. 12 వోల్టుల 200 యాంపియర్ అవర్ల బ్యాటరీలో నిండుగా వున్నది 2.4 యూనిట్లు. కనుక ఉద్యోగానికి చిక్కులేదు; పైకప్పు మీద సూర్యఫలకాలు పెట్టుకుంటే ఆ కాస్తా పగలే నిండుతుంది. కాని మే నెలలో మన నెల్లూరు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకు పెట్టెలాంటి బండిలో ఏ.సి. లేకుండా నిద్ర పట్టదు. ఎంత చిన్న ఏ.సి. అయినా రాత్రికి అయిదారు యూనిట్లు అడుగుతుంది. ఆ బ్యాటరీ నడిరేయికే చేతులెత్తేస్తుంది. అంటే వేసవిలో ప్రతి రాత్రీ కరెంటు తీగ తగిలించుకునే చోటు కావాలి. నీళ్ళూ అంతే. ఎంత పొదుపుగా వాడినా మనిషికి రోజుకు 20 లీటర్లు తప్పదు. తొట్టిలో వంద లీటర్లు పడితే ఇద్దరికీ కుక్కకూ రెండు రోజులకే అయిపోతాయి. మరుగుదొడ్డి డబ్బా రెండుమూడు రోజులకొకసారి సరైన చోట ఖాళీ చేయాలి. దానిని కాలువలో పోసేవాడికి ఆ ఊళ్ళో రెండో రాత్రి చోటు దొరకదు. దొరకకూడదు కూడా.

ఇక కుక్క మాట. పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది, కుక్క మనిషిని నమ్ముకుంటుంది అంటారు. అందుచేత ఊరు మారినందుకు కుక్క అంతగా బెంగపడదు. యజమాని పక్కన వుంటే ప్రతి ఊరూ దానికి సొంతూరే. దాని కష్టం వేరు. మనకు చెమట పోసి ఒళ్ళు చల్లబడుతుంది. కుక్కకు ఆ సౌకర్యం లేదు. నాలుక చాచి రొప్పడమే దాని ఫ్యాను. ఎండలో మూసిన బండిలో పది నిమిషాలకే వేడి సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. అరగంటలో ప్రాణం మీదికి వస్తుంది. యజమాని “అయిదు నిమిషాల్లో వస్తా”నని బజారుకు పోయి, అక్కడ ఆఫీసు ఫోను వచ్చి అరగంట మాట్లాడితే, ఆ నోరులేని జీవి తలుపు తీయలేదు, ఫోను చేయలేదు. ఇంట్లో అయితే పెరటి చెట్టు నీడ వుంది, పక్కింటి పిన్నిగారు వున్నారు. దారిలో ఎవరూ లేరు. మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద నడిపించవద్దు. మన అరచేతి వెనుక భాగం రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు వుంచలేకపోతే, దాని పాదాలకూ అది కాలినట్టే. ఏటా రేబీస్ టీకా, ఆ కాగితం బండి కాగితాలతో పాటు. మెడపట్టీకి ఫోను నంబరు. కొత్త ఊళ్ళో ఊరకుక్కలు దీనిని తమ హద్దులోకి రానివ్వవు. వాటికీ అడ్రసుల పట్టింపు వుంది మరి! ఇవన్నీ చేయగలిగితేనే కుక్కను వెంట తీసుకుపోవాలి. “ఒంటరితనం తీరుతుంది” అన్నదొక్కటే కారణమైతే, ఆ కుక్క ఒంటరితనం సంగతి ఎవరు చూస్తారు?

ఇంత చెప్పి, ఆ కుర్రవాడిని ఆపమని నేను తల్లిదండ్రులకు సలహా ఇవ్వబోవడం లేదు. తిరిగే కాలూ తిట్టే నోరూ ఊరుకోవని మనవాళ్ళే అన్నారు. తిరిగినవాడికి కొంత తెలుస్తుంది. సొంత బండి కొనబోయే ముందు అద్దె బండిలో ఒక నెల, అదీ వైశాఖ మాసంలో, కుక్కతో సహా ఉండి రమ్మనండి. ఆ నెల ఉద్యోగం మానకూడదు, మామూలుగా చేయాలి. తిరిగి వచ్చేటప్పటికి అతనికి బండి మీద మోజు తీరిపోవచ్చు, లేదా నిజంగా తెలివిడి రావచ్చు. రెండూ లాభమే.

అంతకన్నా పెద్ద సంగతి, మనకు ఒకప్పుడు వుండి ఇప్పుడు పోయినది, మజిలీ. కాశీమజిలీ కథల్లో మణిసిద్ధుడు కాశీకి నడుస్తూ, ఆగిన ప్రతిచోటా వెంట వచ్చే గొల్లపిల్లవాడికి ఒక కథ చెబుతాడు. మజిలీ లేకపోతే కథే లేదు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ అంగళ్ళు వున్నాయి, ఎక్కడ దిగడానికి చోటుంది అని ఓపికగా రాసిపెట్టారు. మన వైపే చూడండి, నాయుడుపేటకూ సూళ్ళూరుపేటకూ మధ్య రైలుస్టేషనున్న ఊరి పేరు దొరవారి సత్రం. దారినపోయేవాడికి నీడ ఇచ్చినందుకు ఒక ఊరికే ఆ పేరు నిలిచిపోయింది! సత్రం, చావడి, చలివేంద్రం, పశువుల నీళ్ళతొట్టి అన్నీ ఎవరో తెలియని మనిషి కోసం కట్టినవే.

ప్రతి మండలంలోనూ ఊరికి ఓరగా ఒక అరెకరం చోటు వుంచడం అసాధ్యమా? రెండు వేపచెట్లు, ఒక నీళ్ళ కుళాయి, ఒక దీపం, శుభ్రమైన మరుగుదొడ్లు, డబ్బు చెల్లిస్తే వాడుకునే కరెంటు. అందులో ఒక రాత్రి లాప్‌టాప్ కుర్రవాడి వ్యాను నిలుస్తుంది. మరో రాత్రి బాతుల కాపరి డేరా లేస్తుంది. ఇంకో రాత్రి బుట్టలల్లే ఎరుకల సంసారం దిగుతుంది. ఎవరు వచ్చినా పుస్తకంలో పేరు రాసుకోవచ్చు, తప్పులేదు. కాని అందరి పేర్లూ ఒకే పుస్తకంలో, ఒకే మర్యాదతో రాయాలి. వ్యానువాడిని టూరిస్టుగారని, డేరావాడిని అనుమానితుడని రెండు పుస్తకాలు పెట్టకూడదు. ఆ రెండో పుస్తకాన్ని 1952లోనే మూసేశామని చట్టం చెబుతున్నది.

కదలడం స్వేచ్ఛ అంటారు. నిలవనిచ్చేవాళ్ళు దారిలో వుంటేనే అది స్వేచ్ఛ. లేనప్పుడు దానికి తరమబడడమని పేరు.